బొటనవేలి చదువు

మెర్వ్ కెసెల్‌కి ఎడమ కన్ను పోయి మూడేళ్ళు,
కుడి కన్ను పోతూ ఉంది.
అందుకే ఆదివారాలు నన్ను వెంట తీసుకెళ్తాడు
మర్టోవా చుట్టుపక్కల పొలాల్లో పాత సామాన్ల వేలాలకి.
అంకెలు నేను చదవాలి.
ఇనుము తను చదువుకుంటాడు.

అతని షెడ్డులో నలభై రెండు నాటి బ్లిట్జ్ లారీ,
చప్పిడి ముక్కు, ఎదురువాలు అద్దం.
యుద్ధమయ్యాక గోధుమలు మోసింది,
ముసలిదయ్యాక కోళ్ళని పడుకోబెట్టింది.
ఇప్పుడు దాని పనిముట్ల పెట్టెలోకి
స్పానర్లొచ్చాయి, గ్రీజు గన్నొచ్చింది,
టైరు లీవర్లు ఒక చర్చి గేటుకి గడియలుగా దొరికాయి.
జాకీ చోటు మాత్రం ఖాళీ.
తోలు పట్టీ ఉంది, బకిల్ ఉంది,
రంగు తగలని గుండ్రటి మచ్చ ఉంది.
ఊడిన పంటి దగ్గరికి నాలిక పోయినట్టు
అతని చెయ్యి అక్కడికే పోతుంది.

"జాకీ అంటే జాకీయేగా" అన్నాను కొత్తలో.
వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత తనే నేర్పాడు.
ముందు బరువు: చంకన పిల్లనెత్తుకున్నట్టు ఎత్తి చూడు.
తర్వాత మర. పళ్ళు చదరంగా ఉండాలి, కోసుగా కాదు.
తల మీద నాలుగు కొమ్ములు.
పచ్చరంగు గీకితే కింద ఇంకో పచ్చ,
దాని కింద మట్టిరంగు.
అన్నిటికీ ఆఖరున, మడమ దగ్గర,
సి అక్షరం, దాని కడుపులో బాణం.

రుపన్యప్‌లో ఒకడు అలాంటిదే అమ్మజూపాడు.
సి ఉంది, బాణం ఉంది, ధర ఉంది.
మెర్వ్ ఒక్కసారి బొటనవేలు ఆనించి తీసేశాడు.
"గీరుకుంటోంది. ఈ బాణం పుట్టింది పోయినేడు."

మార్చి నెలలో నోరీన్ జెష్కే,
చనిపోయిన తమ్ముడి సామాను వేలానికి పెట్టినావిడ,
టీ పోస్తూ అంది:
"జాకీయా? మా వంటింటి కింద ఒకటుందే."

పొట్ట మీద పాక్కుంటూ వెళ్ళాం.
ఎనభై ఒక్కేళ్ళ మనిషి నాకంటే ముందు.
ఎర్రవీపు సాలీళ్ళు, ఎప్పటిదో చెంచా,
పుచ్చిన మొద్దు స్థానంలో అది,
ఇంటిని నెత్తిన పెట్టుకుని.
టార్చి వెయ్యబోయాను. వద్దన్నాడు.
వేలు మడమ దాకా వెళ్ళి ఆగింది.
చాలాసేపు అక్కడే ఉంది.
పైన నోరీన్ అడుగులు,
ఒక్కో అడుగుకీ మా మీద కాస్త దుమ్ము.

ఇందులో కష్టమేముంది, అన్నాను నేను.
పన్నెండు టన్నుల హైడ్రాలిక్ నా బండిలో ఉంది,
గంటలో సిమెంటు దిమ్మ కట్టిస్తా,
దీన్ని పట్టుకుపోదాం.
ఆవిడ కూడా తీసుకెళ్ళమనే అంది,
డబ్బు మాట ఎత్తలేదు.

మెర్వ్ మాత్రం మరని వాసన చూస్తున్నాడు.
"దీనికి గ్రీజెవరు పెట్టారు?"

నేనే, అంది నోరీన్ పైనుంచి, చెక్కల సందులోంచి.
యాభై ఆరులో నాన్న వారం రోజులకని పెట్టాడు.
ఇక్కడంతా నల్లరేగడి గదా,
ఎండలకి బీటలిచ్చి కుంగుతుంది, వానలకి ఉబ్బుతుంది.
అలమర తలుపు దానంతటదే తెరుచుకుంటే
పావు చుట్టు పైకి,
అసలు తెరుచుకోకపోతే పావు చుట్టు కిందికి.
నాన్న తర్వాత తమ్ముడు. వాడి తర్వాత నేను.
కడ్డీ ఇదిగో, రొట్టెల డబ్బా వెనక.
ఈ ఏడు ఇంకా తిప్పలేదు.

సిమెంటు దిమ్మ తిరగదు.
ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టినట్టుంది,
ఎవరూ ఏమీ అనలేదు.

"నేను తిప్పొచ్చా?" అనడిగాడు మెర్వ్,
అంత మెల్లగా అతను ఏదీ అడగ్గా నేను వినలేదు.

కడ్డీ దూర్చి తిప్పాడు. మూలగలేదు మర.
ఇల్లు కాస్త ఒళ్ళు విరుచుకుంది.
పైన ఎక్కడో అలమర తలుపు
టక్కున మూసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు
గోధుమ గాదెలన్నీ దాటేదాకా నోరు విప్పలేదు.
తర్వాత, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ,
"పళ్ళు ఒక్కటీ అరగలేదు, చూశావా" అన్నాడు.

చీకటి. నేనేమీ చూడలేదు.
చూశానన్నాను.